కొలత తెలిసినవాళ్ళు కావాలి

పదో తరగతి ఫలితాలు వచ్చే వేసవిలో బంధువులూ ఇరుగుపొరుగువారూ నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లవాణ్ణి పాలిటెక్నిక్‌లో సివిల్ బ్రాంచిలో చేర్పించవచ్చా? చేర్పించవచ్చని నేను చెప్పడం పూర్తికాకముందే రెండో ప్రశ్న వస్తుంది: "తరవాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో సీటొస్తుంది కదండీ?" ఈ రెండో ప్రశ్నకు ఔననే జవాబు దొరికితేనే మొదటిదానికి విలువ ఉన్నట్టు మాట్లాడతారు. విశాఖపట్నంలోనే సివిల్ డిప్లొమా చదివి, ఇక్కడి భవనాల పనుల్లోనూ కాలువల పనుల్లోనూ చాలా ఏళ్ళు గడిపిన నాకు ఈ ఆలోచన ఎంతమాత్రం సమ్మతం కాదు. సివిల్ డిప్లొమా దానికదే ఒక పూర్తి చదువు. డ్రాయింగులో ఉన్నది నేల మీద ఉందో లేదో కొలిచి, పరీక్షించి, రాసిపెట్టి, తేడా ఉంటే ఆధారం చూపించి పని ఆపగల మనిషిని తయారుచేయడానికి ఆ చదువు పుట్టింది. అలాంటి మనిషి ఈ ఊరికి ఎంత అవసరమో, ఆ మనిషి తయారుకాకుండా మనమే ఎలా అడ్డుపడుతున్నామో వివరంగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

చదువు తీరు తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ళ డిప్లొమాలో చేరతారు. మొదటి సంవత్సరం వార్షిక పద్ధతిలో సాగుతుంది, ఆ పైన సెమిస్టర్లు. పరీక్షలు పెట్టి డిప్లొమా ఇచ్చేది రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి. మన ఊళ్ళో కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌తో పాటు ప్రైవేటు కళాశాలలూ ఈ కోర్సు చెబుతున్నాయి. సర్వే, నిర్మాణ సామగ్రి, కాంక్రీటు, డ్రాయింగు, ఎస్టిమేషన్, నీటి సరఫరా, మురుగు పారుదల, రోడ్లు, ఇవన్నీ ఉంటాయి. వీటికి తోడు ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంటుంది. పదిహేను పదహారేళ్ళ వయసులో పరికరం పట్టుకోవడం మొదలవుతుందన్నది ఈ చదువులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే విషయం. ఆ వయసులో చేతికి పట్టుబడిన పని జీవితాంతం నిలుస్తుంది. ఇరవై రెండేళ్ళకు పట్టా పుచ్చుకుని, అప్పుడు మొదటిసారి ఎత్తులు కొలిచే లెవెల్ పరికరం ముందు నిలబడే పట్టభద్రులను సైట్లలో చాలామందిని చూశాను. వారికి తెలివి తక్కువని నేను అనడం లేదు. వారి చదువు వేరే పనికి ఉద్దేశించింది.

సర్వేలో లెవెలింగు అనే పాఠాన్నే తీసుకుందాం. మూడు కాళ్ళ స్టాండు మీద పరికరాన్ని బిగించి, బుడగను నడిమికి తెచ్చి, ఎత్తు తెలిసిన చోట నిలబెట్టిన కొలపట్టీని మొదట చదవాలి. అది బ్యాక్‌సైట్. ఎత్తు తెలుసుకోవలసిన చోట్ల పట్టీని నిలబెట్టి చదువుతూ పోవాలి, పరికరాన్ని కదపవలసి వచ్చినప్పుడు, కదిపే ముందు చివరి అంకెగా ఫోర్‌సైట్ తీసుకోవాలి. పట్టీ నాలుగు మీటర్లు ఉంటుంది, దాని మీద గీతలు 5 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. చివర్లో బ్యాక్‌సైట్ల మొత్తంలోంచి ఫోర్‌సైట్ల మొత్తం తీసివేస్తే వచ్చేదీ, చివరి ఎత్తులోంచి మొదటి ఎత్తు తీసివేస్తే వచ్చేదీ సమానంగా ఉండాలి. పుస్తకం ఇంతవరకు చెబుతుంది, పరీక్షలో ఇంతవరకు రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ సరిపోలిక రుజువు చేసేది కూడికలూ తీసివేతలూ సరిగా చేశామన్న సంగతి మాత్రమే. పట్టీ పట్టుకున్న కుర్రవాడు దాన్ని వాల్చి పట్టుకుంటే ఆ తప్పు ఈ లెక్కలో ఎక్కడా బయటపడదు. వాలిన పట్టీ మీద అంకె ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది కాబట్టి, పట్టీని నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊపమని చెప్పి, కనిపించిన అంకెల్లో అతి తక్కువదాన్ని రాసుకోవాలి. పని ముగిశాక మొదలుపెట్టిన చోటికే తిరిగివచ్చి ఎత్తు కలుస్తుందో లేదో చూడాలి. మామూలు పనుల్లో ఒక కిలోమీటరు దూరానికి సుమారు 24 మిల్లీమీటర్ల వరకు తేడాను పాఠ్యపుస్తకాలు అనుమతిస్తాయి. అంతకు మించితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఎండలో రెండోసారి చేయడానికి మనసొప్పని విద్యార్థి అంకెలు సర్దడం నేర్చుకుంటాడు. సర్దడం రాని విద్యార్థిని తయారుచేయడమే గురువు పని. ఫీల్డ్ బుక్కులో రబ్బరు వాడకూడదనీ, తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సరైన అంకె రాయాలనీ మొదటి రోజే చెప్పేది ఇందుకే.

ఈ పాఠానికీ మన ఊరికీ దగ్గర సంబంధం ఉంది. దేశంలోని ఎత్తులన్నిటికీ ఆధారమైన సగటు సముద్రమట్టాన్ని 1909లో స్థిరపరచినప్పుడు లెక్కలోకి తీసుకున్న తొమ్మిది రేవుల్లో విశాఖపట్నం ఒకటి. అలాంటి ఊళ్ళో వీధి కాలువల వాలు ఇప్పటికీ చాలాచోట్ల మేస్త్రీ కంటిచూపు మీదే నడుస్తోంది. 60 మీటర్ల వీధికి 300కు ఒకటి చొప్పున వాలు పెట్టాలంటే ఒక చివరి నుంచి మరో చివరికి దిగవలసింది 200 మిల్లీమీటర్లే. మధ్యలో ఒక చోట 100 మిల్లీమీటర్లు తేడా వస్తే అక్కడ నీరు నిలిచిపోతుంది, దోమలు చేరతాయి, వానాకాలంలో ఆ వీధి మురుగు ఇళ్ళలోకి వస్తుంది. కొండల నుంచి సముద్రానికి ఉన్న కొద్ది దూరంలోనే వాననీరంతా ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ లాంటి గెడ్డల, అంటే వాగుల, గుండా దిగిపోవాలి. గెడ్డలు ఇరుకైపోయిన మాట నిజమే, కానీ గెడ్డ దాకా నీరు చేరకుండా వీధిలోనే ఆగిపోవడానికి కారణం ఎక్కువసార్లు ఎత్తుల లెక్క లేకపోవడమే. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మరో పొర, దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోవడం వల్ల వీధి కన్నా ఇంటి గుమ్మం కిందికి వెళ్ళిపోయిన ఇళ్ళు మీ పేటలోనూ ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు గుమ్మాల ఎత్తులు తీసుకుని కాగితం మీద పెట్టి ఉంటే ఆ ఇళ్ళకు ఆ గతి పట్టేది కాదు. అది ఒక డిప్లొమా ఇంజనీరూ ఒక సహాయకుడూ ఒక పూటలో చేయగల పని.

ఇక కాంక్రీటు సంగతికి వస్తాను. సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ కాంక్రీటు పని హైదరాబాదులో పనిలాంటిది కాదు. మన దేశంలో కాంక్రీటుకు ప్రామాణికమైన ఐఎస్ 456 నియమావళి, 2000 నాటి కూర్పు, కట్టడం ఎలాంటి వాతావరణంలో ఉంటుందో దాన్ని ఐదు తరగతులుగా విభజించింది. సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటు అందులో తీవ్రమైన తరగతికి చెందుతుంది. ఆ తరగతిలో ఇనుము వేసిన కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు ఉండాలి, సిమెంటు బరువులో నీరు 0.45 వంతు దాటకూడదు, ఇనుము మీద కనీసం 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఇనుమును కప్పే కాంక్రీటు పొర, ఉండాలి. కెరటాల తుంపర నేరుగా పడే చోటైతే ఇంకా కఠినం. ఈ అంకెలను పరీక్ష కోసం బట్టీ పట్టిన విద్యార్థులు వందలమంది ఉంటారు. స్లాబు పోసే రోజు ఈ అంకెలు ఏమవుతాయో చూసినవారికే వాటి అర్థం తెలుస్తుంది.

50 కిలోల సిమెంటు బస్తాకు 0.45 వంతు అంటే ఇరవై రెండున్నర లీటర్ల నీరు. మిశ్రమం గట్టిగా ఉంటుంది, రాడ్ల మధ్యకు దిగాలంటే వైబ్రేటరు పెట్టి ఓపికగా పని చేయాలి. కూలి చదరపు అడుగుల లెక్కన మాట్లాడుకున్నవాళ్ళకు అంత తీరిక ఉండదు. "ఇలాగైతే మాలు కదలదు సారూ, కొంచెం నీళ్ళు కొట్టనీయండి" అంటారు. బస్తాకు ఐదు లీటర్లు అదనంగా పోశారనుకోండి, నీటి వంతు 0.55 అవుతుంది. ఏ ఉప్పుగాలీ సోకని, ఎండావానల నుంచి కాపాడబడిన చోట కట్టే కట్టడానికి నియమావళి అనుమతించే గరిష్ఠ హద్దు అది. అంటే సగం బిందెడు నీటితో సముద్రం ఒడ్డున ఉండవలసిన కాంక్రీటు ఆ ఒడ్డుకు పనికిరానిదైపోయింది. పైగా తడి ఇసుకలో అప్పటికే ఉన్న నీటిని ఎవరూ లెక్కలో పట్టరు. ఇసుక తడిస్తే ఉబ్బుతుంది, తట్టలతో కొలిచినప్పుడు ఇసుక తక్కువై నీరు ఎక్కువై మొత్తం పాళ్ళు మారిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి కావలసింది 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒక స్లంప్ శంకువు, 16 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి, పొరకు 25 పోట్లు పొడిచే ఓపిక. శంకువు ఎత్తగానే కాంక్రీటు ఎంత కుంగిందో అందరి కళ్ళకూ కనబడుతుంది. మేస్త్రీతో మాటల యుద్ధం అవసరం లేదు. కొలత అక్కడే ఉంటుంది.

కవరు విషయం ఇంకా బాధాకరమైనది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు పరిసరాల్లో బాల్కనీల అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన రాడ్లు బయటపడ్డ భవనాలు ఎవరికైనా కనిపిస్తాయి. గాలిలోని ఉప్పు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా నెమ్మదిగా లోపలికి పోతుంది. ఇనుము దాకా చేరాక తుప్పు మొదలవుతుంది, ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి చీల్చేస్తుంది. ఉప్పు లోపలికి పోయే దూరం కాలంతో పాటు నేరుగా పెరగదు, దాదాపుగా కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. కనుక కవరు సగం అయితే ఇనుముకు మిగిలే ఆయుష్షు సగం కాదు, సుమారు నాలుగో వంతు. 45 ఉండవలసిన చోట 20 మిల్లీమీటర్లు మిగిలిన ఇంటి సొంతదారుకు ఎవరూ ఈ మాట చెప్పరు. ఇల్లు కట్టిన కొత్తలో అంతా బాగానే ఉంటుంది, పిల్లల పెళ్ళిళ్ళ నాటికి మరమ్మతు మొదలవుతుంది. ఇంతకూ కవరు తగ్గడానికి కారణం ఏమిటి? రాడ్ల కింద ఆ ఎడం నిలిపే కవర్ బ్లాకులు పెట్టకుండా రాళ్ళ ముక్కలు పెట్టడం, పెట్టిన బ్లాకులు మనుషులు తొక్కినప్పుడు జారిపోవడం, స్లాబు పోసే ముందు ఒక మనిషి టేపుతో మోకాళ్ళ మీద కూర్చుని చూడకపోవడం. ఈ పనికి బీటెక్ అక్కరలేదు. ఆ తేడా ఎంత ప్రమాదమో తెలిసి, చూడకుండా స్లాబు పోయనివ్వనని చెప్పగల శిక్షణ కావాలి.

తీరం దగ్గర బోరు నీరు ఉప్పగా ఉండడం మనకు తెలిసిన సంగతే. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. పోసేటప్పుడు మంచి నీరు తెప్పించి, క్యూరింగుకు, అంటే పోసిన కాంక్రీటును తడిపి ఉంచడానికి, ఆ ఉప్పునీరే కొట్టే సైట్లు ఉన్నాయి. నీటి పరీక్షకు ప్రయోగశాలలో అయ్యే ఖర్చు ఆ ఇంటి గుమ్మానికి వేసే రంగు ఖర్చుకన్నా తక్కువ.

ఘనాల పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి. 150 మిల్లీమీటర్ల ఇనుప మూసల్లో కాంక్రీటు నింపి, నీటిలో ఉంచి, 7 రోజులకూ 28 రోజులకూ యంత్రంలో పెట్టి నలగ్గొడతారు. ఎం30 అంటే ఆ ఘనం ముఖం మీద సుమారు 675 కిలోన్యూటన్ల భారం, అంటే దాదాపు 69 టన్నుల బరువు, మోయాలన్నమాట. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఘనాల కోసం వేరేగా, సిమెంటు దండిగా వేసి, మిశ్రమం కలిపించేవారు. రిపోర్టులు ఎప్పుడూ బ్రహ్మాండంగా వచ్చేవి, స్లాబు మాత్రం మిక్సరులోంచి వచ్చిన దానితో పోసేవారు. ఆ రిపోర్టులను ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే కాగితం మీద అంకె ఉంది. నమూనా ఎక్కడి నుంచి, ఎవరి కళ్ళ ముందు తీశారన్న ప్రశ్న లేకుండా కొలతకు విలువ లేదని ఆ సైటు నాకు నేర్పింది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒక అధ్యాయంగా లేదు, ఉండాలని నా కోరిక.

ఈ కొలతల మీదే ప్రజల సొమ్ము నడుస్తుంది. ప్రభుత్వ పనుల్లో జరిగిన పనిని ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, నమోదు చేస్తేనే కాంట్రాక్టరుకు బిల్లు అవుతుంది. ఆ నమోదు ఎక్కువగా చేసేది డిప్లొమాతో ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ఇంజనీర్లే. 150 మిల్లీమీటర్ల మందం ఉండవలసిన సిమెంటు రోడ్డు 120తో ముగిసిందనుకుందాం. పోయింది ఐదో వంతు కాంక్రీటే కదా అనిపిస్తుంది. కానీ పలక వంపును తట్టుకునే శక్తి మందపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక బలం మూడో వంతుకు పైగా పోయింది. మొదటి లారీ తిరిగిన వానాకాలానికే పగుళ్ళు కనబడడం అందుకే. రోడ్డు పక్కన నిలబడి మందం కొలిచి ఉన్నది ఉన్నట్టు రాసిన ఒక్క సంతకం ఆ వీధికి ఎన్నో ఏళ్ళ మన్నిక ఇస్తుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా, వార్డు వసతుల కార్యదర్శులుగా డిప్లొమా చదివినవారు పెద్ద సంఖ్యలో చేరారు. మన వీధి కాలువ, మన వీధి దీపం, మన వీధి నీటి గొట్టం ఇప్పుడు వారి కొలతల మీద ఆధారపడి ఉన్నాయి.

ఇక కొండలు. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే ఖొండలైటు రాయి వాతావరణానికి త్వరగా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. తవ్వినప్పుడు గట్టి రాయిలా కనిపించింది పక్క గజానికే మెత్తగా ఉండవచ్చు. కొండవాలు కోసి ఇల్లు కట్టుకునే ఊళ్ళో మట్టి జారకుండా నిలబెట్టే గోడలు చాలా ముఖ్యం. గోడ వెనక మట్టి పొడిగా ఉన్నప్పుడు లోతు మీటరు పెరిగే కొద్దీ ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 6 కిలోన్యూటన్ల చొప్పున పెరుగుతుందని మామూలు ఇసుకమట్టికి లెక్క వేయవచ్చు. అదే మట్టి నీటితో నిండి, ఆ నీరు పోయే దారి లేకపోతే అది 13 దాకా వెళుతుంది, అంటే రెట్టింపును దాటిపోతుంది. గోడలో నీరు బయటికి పోయే రంధ్రాలు, వీప్ హోల్స్, పెట్టడం, వాటి వెనక కంకరతో వడపోత పొర వేయడం, ఆ రంధ్రాలు సిమెంటు పాలతో మూసుకుపోకుండా చూడడం, ఇవి రెండు పూటల పని. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు, తెల్లవారకముందు కురిసిన వానలో, కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. ఆ దుర్ఘటన బాధ్యతల గురించి నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. నీరూ మట్టీ కలిసి గోడ మీద చూపించే బలాన్ని ఈ నగరంలో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం ప్రతి డిప్లొమా తరగతిలోనూ ఆ తేదీ చెప్పి పాఠం చెప్పాలని నా అభిప్రాయం.

తల్లిదండ్రులు నాతో వాదించేది జీతం దగ్గర. ఆ వాదనలో నిజం ఉంది. ప్రైవేటు సైట్లలో కొత్తగా చేరిన డిప్లొమా వారికి ఇచ్చేది చాలా తక్కువ, పని వేళలకు హద్దు ఉండదు, పదోన్నతి దగ్గర డిగ్రీ లేదన్న మాట అడ్డు వస్తుంది. పెళ్ళి సంబంధాల్లో కూడా బీటెక్ అన్న మాటకు ఉన్న మర్యాద డిప్లొమాకు లేదు. ఇవన్నీ చూసి ఈసెట్ వైపు మొగ్గిన పిల్లలను నేను తప్పు పట్టను, బాగా చదివేవారు తప్పకుండా వెళ్ళాలి కూడా. కానీ అదే సైటులో అదే జీతానికి అదే పని చేస్తున్న బీటెక్ పట్టభద్రులు ఎంతమంది ఉన్నారో కూడా వారు చూడాలి. రైల్వేలో, కేంద్ర ప్రభుత్వ నిర్మాణ శాఖల్లో జూనియర్ ఇంజనీరు పోస్టులకు, రాష్ట్రంలో అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులకు డిప్లొమాయే అర్హత. అప్రెంటిస్ చట్టం కింద ఏడాది పాటు భృతితో పని నేర్చుకునే వీలు కూడా ఉంది. వీటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. జీతం తక్కువగా ఉండడానికి ఒక కారణం, సైటులో ఈ మనిషి చేసే పనిని యజమాని పనిగా గుర్తించకపోవడం. అతన్ని కూలీల హాజరు రాయడానికీ, సిమెంటు బస్తాలు లెక్కపెట్టడానికీ వాడుకుంటారు. కొలిచే పనీ పరీక్షించే పనీ చేతనైనవాడు దొరికితే, వాడు లేకపోతే జరిగే నష్టం తెలిస్తే, ఆ జీతం అలాగే ఉండదు. నాణ్యత పరీక్షలను సొంతంగా చేయించుకునే పెద్ద పనుల్లో ఈ తేడా నేను చూస్తూనే ఉన్నాను.

అలాంటివాళ్ళు తయారు కాకపోవడానికి ఈసెట్ మీద పెట్టిన మొత్తం దృష్టి ఒక పెద్ద కారణం. చివరి ఏడాది వచ్చేసరికి విద్యార్థి మనసంతా గణితం, భౌతికశాస్త్రం ఎంపిక ప్రశ్నల మీద ఉంటుంది. ప్రయోగశాల రికార్డులు ముందటేడు సీనియరు రికార్డులోంచి అంకెలతో సహా దిగుతాయి. ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ, ఈ చదువు మొత్తంలో అతి విలువైన భాగం, చాలామందికి కోచింగు తీసుకోవడానికి దొరికిన సమయంగా మారిపోయింది. తెలిసిన కాంట్రాక్టరు దగ్గర లాగ్ బుక్కు మీద సంతకాలు పెట్టించుకుని, సైటు మొహం చూడకుండా శిక్షణ పూర్తిచేసినవాళ్ళు నాకు తెలుసు. మా సైటుకు శిక్షణకు వచ్చిన పిల్లల్లో శ్రద్ధ ఉన్నవాళ్ళు ఆ ఆరు నెలల్లో ఎంత మారతారో కూడా నాకు తెలుసు. వచ్చిన మొదట్లో రాడ్ల వ్యాసం చూసి చెప్పలేని అమ్మాయి, వెళ్ళేనాటికి వ్యాసపు వర్గాన్ని 162తో భాగించి మీటరు బరువు మనసులోనే లెక్కగట్టి, లారీలో వచ్చిన ఇనుము తూకం తక్కువైందని చెప్పగలిగింది. ఆ లెక్క పుస్తకంలో ఉన్నదే. లారీ ముందు నిలబడి ఆ మాట అనడం మాత్రం సైటు నేర్పింది.

అమ్మాయిల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సివిల్ డిప్లొమాలో అమ్మాయిలు ఎందరో చేరుతున్నారు, మార్కులూ బాగా తెచ్చుకుంటున్నారు. శిక్షణ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు ఆఫీసులో కూర్చుని డ్రాయింగులు గీసే చోటు చూడమంటారు. అందుకు మొదటి కారణం సైటులో మరుగుదొడ్డి లేకపోవడం. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం పనిచోట మరుగుదొడ్లు ఉండాలని స్పష్టంగా చెప్పింది. రోజంతా తట్టలు మోసే కూలి తల్లులకు కూడా అది లేదు. శిక్షణకు విద్యార్థులను పంపే కళాశాల ముందుగా సైటు చూసి, హెల్మెట్టు, బూట్లు, మరుగుదొడ్డి, తాగునీరు ఉన్నాయని తేల్చుకుని పంపితే, ఆ సైటులోని కూలివారికి కూడా అవి వస్తాయి. ఇది కళాశాల చేతిలో ఉన్న బలం.

భాష గురించి కూడా నాకు ఒక కోరిక ఉంది. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, నియమావళి ఇంగ్లీషులో ఉంటుంది. పని జరిగేది తెలుగులో, శ్రీకాకుళం విజయనగరం పల్లెల తెలుగులో, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళయితే ఒడియాలో. తాపీ మేస్త్రీకి మూలమట్టం, రసమట్టం, తూకం గుండు గురించి ఈ విద్యార్థికన్నా బాగా తెలుసు. నీటి వంతు ఎందుకు దాటకూడదో, రింగుల మధ్య దూరం ఎందుకు మారకూడదో అతనికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే విద్యార్థి చదివింది అక్కడే ఆగిపోతుంది. అందుకే ప్రాక్టికల్ పరీక్షలో భాగంగా ఒక పరీక్షను మేస్త్రీ ఎదుట తెలుగులో వివరించమని అడగాలని నా సూచన. అనుభవమున్న మేస్త్రీలను అప్పుడప్పుడు కళాశాలకు పిలిచి, గౌరవ వేతనం ఇచ్చి, పిల్లల చేత గోడ కట్టించాలి. ఇటుక కట్టు నాలుగు వరసలు సొంత చేతులతో పేర్చిన విద్యార్థి మేస్త్రీతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. అతనిలో అహంకారం ఉండదు, భయమూ ఉండదు.

పని ఆపే అధికారం లేకపోతే ఈ శిక్షణ అంతా నిష్ఫలమవుతుందని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు నలభై ఏళ్ళ మేస్త్రీకీ, తనకు జీతమిచ్చే కాంట్రాక్టరుకూ ఎదురుచెప్పాలని ఆశించడం న్యాయం కాదు. అందుకని అతనికి రాతపూర్వకమైన ఆసరా కావాలి. స్లంప్ ఇంత దాటితే ట్రక్కు వెనక్కి పంపాలని, కవరు చూసి సంతకం చేయనిదే స్లాబు పోయకూడదని పని ఒప్పందంలోనే ఉండాలి. అపార్టుమెంటు కొనుక్కునే కుటుంబాలు టైల్సు రంగు గురించి అడిగినంత గట్టిగా ఈ రిపోర్టులు అడిగితే బిల్డర్లు అవి చేయిస్తారు. విశాఖలో ఒక ఫ్లాటుకు జీవితకాలపు సంపాదన పెడుతున్నవారికి ఆ హక్కు ఉంది.

పిల్లవాణ్ణో అమ్మాయినో చేర్పించడానికి కళాశాల చూడబోతున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. ప్రిన్సిపాలు గదిలో ఈసెట్ ర్యాంకుల బోర్డు చూసి వెనక్కి రాకండి. సర్వే పరికరాల గదికి తీసుకెళ్ళమని అడగండి. లెవెల్ పరికరాల పెట్టెల మీద దుమ్ము ఉందో లేదో, స్టాండుల కాళ్ళకు మట్టి అంటిందో లేదో చూడండి. పోయిన ఏడాది పిల్లలు శిక్షణకు ఏ సైట్లకు వెళ్ళారో, అక్కడికి అధ్యాపకులు వెళ్ళి చూశారో లేదో అడగండి. చివరిగా కాంక్రీటు ప్రయోగశాలలో నీటి తొట్టి మూత తీయించండి. నీళ్ళలో ఘనాలుంటే వాటి మీద మార్కరుతో రాసిన తేదీలు చదవండి. అవి ఈ నెలలోవైతే ఆ కళాశాలలో చేర్పించవచ్చు.